రక్తసంచికి చెప్పే తీర్పు, రక్తదాతకు చెప్పవలసిన మాట

బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లోనైనా, కోరమంగల పక్కనున్న సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఆసుపత్రిలోనైనా, రేస్‌కోర్సు రోడ్డులోని రెడ్‌క్రాస్ భవనంలోనైనా, న్యూ తిప్పసంద్రలో బెంగళూరు మెడికల్ సర్వీసెస్ ట్రస్ట్ నడిపే రోటరీ టి.టి.కె. కేంద్రంలోనైనా, దాత చేతినుంచి తీసిన ప్రతి సంచి రక్తాన్నీ అయిదు జబ్బులకు పరీక్షించిన తరువాతే రోగికి ఎక్కించాలన్నది చట్టం. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి అనే మూడు వైరస్ వ్యాధులు, వాటితోపాటు సిఫిలిస్, మలేరియా ఆ అయిదూ. ఈ పరీక్షలు జరుగుతాయన్న సంగతి చాలామందికి తెలుసు; అయితే పరీక్షలో ఒక సంచి తేడాగా కనిపించినప్పుడు ఆ తేడా సంచి గురించి ఎంత చెబుతున్నదో, ఆ సంచి నింపిన మనిషి గురించి ఎంత చెబుతున్నదో విడదీసి ఆలోచించేవారు తక్కువ. రక్త కేంద్రం భాషలో అటువంటి సంచిని ‘రియాక్టివ్’ అంటారు, అంటే పరీక్షకు వాడిన ద్రవ్యంతో ఆ రక్తం స్పందించిందని మాత్రమే అర్థం. ఆ మాట ప్రయోగశాల గుమ్మం దాటి దాత ఇంటికి చేరేసరికి ‘పాజిటివ్’గా, పక్కింటికి చేరేసరికి ‘ఎయిడ్స్’గా మారిపోతుంది. రక్త భద్రత గురించి మామూలు పాఠకుడు తెలుసుకోవలసిన వాటిలో ఈ రెండు మాటల మధ్యనున్న దూరానిదే పెద్దపీట.

ఆ దూరం ఎందుకున్నదో అర్థం కావాలంటే, ఒకే గొట్టంలోని రక్తాన్ని రెండు వేరువేరు ప్రశ్నలు అడగవచ్చునని గుర్తించాలి. ఈ సంచి రోగికి ఎక్కించడానికి పనికివస్తుందా అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు చెప్పే పరీక్ష ఏ చిన్న అనుమానాన్నీ జారవిడవకూడదు, ఎందుకంటే మంచి సంచిని పొరపాటున పారవేస్తే పోయేది మూడువందల యాభై మిల్లీలీటర్ల రక్తమే కాని, చెడ్డ సంచిని పొరపాటున వదిలితే పోయేది ఒక మనిషి ఆరోగ్యం, ఒక్కోసారి ప్రాణం. ఈ దాతకు నిజంగా జబ్బున్నదా అన్నది రెండో ప్రశ్న. దానికి జవాబు చెప్పేటప్పుడు లేని జబ్బును ఉన్నదనడం, ఉన్న జబ్బును లేదనడం, రెండూ సమానమైన తప్పులే. మొదటిదానికి చేసేది వడపోత పరీక్ష, రెండోదానికి చేసేది నిర్ధారణ పరీక్ష. రక్త కేంద్రానికి చట్టం అప్పగించిన పని ప్రధానంగా మొదటిది; రెండోది చాలావరకు మరో గదిలో, మరో సంస్థలో, మరో రోజున జరుగుతుంది. దాత జీవితంలో కష్టమంతా ఆ రెండు రోజుల నడుమ పుడుతుంది.

ఈ దేశంలో రక్తాన్ని పరీక్షించే ఏర్పాటు ఒక్కరోజులో రాలేదు. 1986లో చెన్నైలో భారతదేశపు తొలి హెచ్.ఐ.వి. కేసులు బయటపడిన తరువాత, 1989లో రక్తనిధులు హెచ్.ఐ.వి. పరీక్ష చేయాలన్న ఉత్తర్వు వెలువడింది. కాని ఆ రోజుల్లో అవసరమైన రక్తంలో పెద్ద భాగం డబ్బుకోసం పదేపదే రక్తం అమ్ముకునే నిరుపేదల నుంచే వచ్చేది, పరీక్షలు కాగితం మీద ఉన్నంతగా బల్ల మీద ఉండేవి కావు. ఆరోగ్య శాఖ చేయించిన ఫెర్గూసన్ సంస్థ అధ్యయనం 1990లో ఈ దుస్థితిని బయటపెట్టగా, కామన్ కాజ్ అనే పౌరసంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 జనవరి 4న వెలువడిన తీర్పు లైసెన్సు లేని రక్తనిధులను మూయించాలని, రెండేళ్లలో రక్తం అమ్మకాన్ని పూర్తిగా ఆపించాలని, జాతీయ, రాష్ట్ర స్థాయుల్లో రక్తమార్పిడి మండళ్లను ఏర్పరచాలని ఆదేశించింది. ఆ ప్రకారం 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తమివ్వడం నిషిద్ధమైంది. హెపటైటిస్ సి పరీక్ష 2001 నుంచి తప్పనిసరి అయింది, 2002లో జాతీయ రక్త విధానం వచ్చింది. ఈనాడు బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రాంగణంలోని శిబిరంలో యువతీయువకులు వరసలో నిలబడి ఉచితంగా రక్తమిస్తున్నారంటే, ఆ దృశ్యం వెనుక ఈ తీర్పు ఉన్నది.

పరీక్ష అనగానే మనసులో మెదిలేవి గాజు గొట్టాలే అయినా, అసలు తొలి వడపోత శిబిరంలోని కుర్చీ దగ్గరే, ఒక కాగితంతో మొదలవుతుంది. వయసు, బరువు, హిమోగ్లోబిన్, గత కామెర్లు, ఇటీవలి పచ్చబొట్టు, శస్త్రచికిత్స, సూదులు, లైంగిక జీవితానికి సంబంధించిన ప్రమాదాలు, ఇలా ప్రశ్నలు సాగుతాయి. పచ్చబొట్టు పొడిపించుకుని ఏడాది కానివారిని తరువాత రమ్మంటారు. స్నేహితులంతా చూస్తుండగా, వెనుక వరస పెరిగిపోతుండగా, ఆ ప్రశ్నలకు చదవకుండానే ‘లేదు, లేదు’ అని టిక్కులు పెట్టేసే అలవాటు ఎంత సహజమైనదో అంత ప్రమాదకరమైనది కూడా. ఎందుకంటే యంత్రానికి అందనిదాన్ని పట్టుకోగలిగింది ఆ కాగితం ఒక్కటే.

యంత్రానికి అందనిదంటే ఏమిటో కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. వైరస్ ఒంట్లో ప్రవేశించిన నాడే పరీక్షలో కనిపించదు. అది ముందు ఏదో ఒక కణజాలంలో చేరి పెరగాలి, తరువాత రక్తంలోకి రావాలి. ఆ తరువాత దాని మాంసకృత్తులు, అంటే యాంటీజెన్లు, కొలవగలిగినంతగా పోగుపడాలి. ఇంకొంత కాలానికి శరీరం దానిమీద యుద్ధానికి ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను, తయారుచేయాలి. సోకిన రోజుకూ పరీక్షలో తొలిసారి కనబడిన రోజుకూ మధ్యనున్న ఈ వ్యవధిని ‘విండో పీరియడ్’ అంటారు. హెచ్.ఐ.వి.కి ప్రతిరక్షకాలను మాత్రమే వెదికే పరీక్షలో ఇది సుమారు మూడు వారాలు, పి24 అనే వైరస్ మాంసకృత్తును కూడా వెదికే నాలుగో తరం పరీక్షలో రెండు వారాల పైచిలుకు. హెపటైటిస్ బి పైపొర యాంటీజెన్ కనబడడానికి అయిదు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. హెపటైటిస్ సి ప్రతిరక్షకాలు తయారు కావడానికైతే దాదాపు రెండు నెలలు. ఈ వ్యవధిలో రక్తమిచ్చిన వ్యక్తి పరీక్షలో ‘శుభ్రం’గా తేలవచ్చు, అతని రక్తం మాత్రం ఎక్కించుకున్నవారికి జబ్బు అంటించగలదు. అందుకే, ఏదో పొరపాటు జరిగిందన్న భయంతో, ఉచితంగా హెచ్.ఐ.వి. పరీక్ష అయిపోతుంది కదా అని రక్తదానానికి వచ్చేవారు తెలియకుండానే అత్యంత ప్రమాదకరమైన రోజుల్లో రక్తమిస్తున్నారు. ఆ పరీక్ష కావలసినవారికి ప్రభుత్వ పరీక్షా కేంద్రాల్లో అది ఉచితంగానే, గోప్యంగానే దొరుకుతుంది; చల్లకొచ్చి ముంత దాచవలసిన పనిలేదు.

సంచి నిండేముందు సూది గుచ్చగానే వచ్చే మొదటి కొద్ది మిల్లీలీటర్లను ఒక చిన్న సంచిలోకి మళ్లించి, అందులోంచి పరీక్షల గొట్టాలు నింపుతారు. చర్మం మీది సూక్ష్మజీవులు పెద్ద సంచిలోకి పోకుండా ఉండేందుకు కూడా ఈ ఏర్పాటు పనికివస్తుంది. సంచి మీద, గొట్టాల మీద, దాత కాగితం మీద ఒకే సంఖ్య అంటిస్తారు. అక్కడినుంచి ప్రయోగశాలలో దాతకు పేరుండదు, సంఖ్యే ఉంటుంది. పరీక్ష కాని సంచులు, పరీక్ష అయిన సంచులు ఎట్టి పరిస్థితిలోనూ ఒకే ఫ్రిజ్‌లో ఉండరాదన్నది అక్కడి గట్టి నియమం.

ఇప్పటికీ అనేక కేంద్రాల్లో ప్రధాన పరీక్ష ఎలైసా. స్వీడన్‌లో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ 1971లో ప్రకటించిన ఈ పద్ధతి బల్ల మీద చూస్తే ఆశ్చర్యం కలిగించేంత సాదాగా ఉంటుంది. అరచేతిలో ఇమిడే పారదర్శకమైన ప్లాస్టిక్ పలక, అందులో ఎనిమిది వరసల్లో పన్నెండేసి చొప్పున తొంభై ఆరు చిన్న గుంటలు. ప్రతి గుంట అడుగున వైరస్ మాంసకృత్తుల ముక్కలను ముందే అంటించి ఉంచుతారు. ఒక్కో దాత సీరమ్‌ను, అంటే గడ్డకట్టిన రక్తం మీద తేలే పసుపుపచ్చని ద్రవాన్ని, ఒక్కో గుంటలో చుక్కగా వేసి, ఒంటి వేడిమికి సమానమైన 37 డిగ్రీల వెచ్చదనంలో కొంతసేపు ఉంచుతారు. ఆ సీరమ్‌లో వైరస్‌కు వ్యతిరేకంగా పుట్టిన ప్రతిరక్షకాలుంటే అవి అడుగునున్న మాంసకృత్తులను గట్టిగా పట్టుకుంటాయి. తరువాత గుంటలను పలుమార్లు కడుగుతారు. పట్టు దొరకనిదంతా కొట్టుకుపోతుంది. ఆపైన, పట్టుకున్న ప్రతిరక్షకాలకు అతుక్కునే ఎంజైము కలిపిన మరో ద్రవం పోసి మళ్లీ కడిగి, చివరగా రంగునిచ్చే ద్రవం వేస్తారు. ఎంజైము మిగిలిన గుంటలో నీలిరంగు మెల్లగా లేస్తుంది, ఒక చుక్క ఆమ్లంతో అది ముదురు పసుపుగా మారుతుంది. మిగిలిన గుంటలన్నీ నీళ్లలా తేటగా ఉంటాయి. కొన్ని గుంటలను ముందే ఫలితం తెలిసిన నమూనాలకు కేటాయిస్తారు, అవి అనుకున్నట్లు రాకపోతే మొత్తం పలకనే తోసిపుచ్చుతారు.

పసుపు ఎంత ముదిరితే అది రియాక్టివ్ అన్నది కంటితో తేల్చే విషయం కాదు. ఒక యంత్రం ప్రతి గుంట గుండా కాంతిని పంపి, ఎంత కాంతిని అది పీల్చుకున్నదో అంకెల్లో చెబుతుంది; ఆ అంకెల్లో ఒకచోట గీత గీస్తారు. గీతకు పైనున్నవి రియాక్టివ్, కిందవి నాన్ రియాక్టివ్. ఈ గీతను ఎక్కడ గీయాలన్నదే మొత్తం వ్యవహారానికి కీలకం, రక్త పరీక్షల్లో దీన్ని కావాలనే కిందికి గీస్తారు. సోకినవారిని ఎవరినీ వదలని గుణాన్ని సున్నితత్వమని, సోకనివారిని అనవసరంగా పట్టుకోని గుణాన్ని నిర్దిష్టత అని అంటారు. గీత కిందికి జరిగేకొద్దీ సున్నితత్వం పెరుగుతుంది, నిర్దిష్టత కొంత తగ్గుతుంది. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత ఇక్కడ చెల్లదు. ఇటీవల వేయించుకున్న టీకా, మరేదో జ్వరం తాలూకు ప్రతిరక్షకాలు, శరీరం తన కణాల మీద తానే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బులు, ఆఖరికి గుంటను సరిగా కడగకపోవడం, వీటిలో ఏదైనా పసుపు రంగును పుట్టించగలదు. హెపటైటిస్ బి టీకా వేయించుకున్న కొద్దిరోజుల్లో రక్తమిస్తే టీకాలోని యాంటీజెనే రక్తంలో తిరుగుతూ పరీక్షలో కనబడిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి. అంటే, ఆ జబ్బునుంచి రక్షణ కోరినవాడే ఆ జబ్బున్నవాడిగా కనిపించవచ్చునన్నమాట.

దీని పర్యవసానం ఒక ఊహాజనితమైన లెక్కతో తేటపడుతుంది. పదివేలమంది దాతలున్నారని, వారిలో పదిమందికి నిజంగా వైరస్ ఉన్నదని అనుకుందాం. పరీక్ష ఆ పదిమందినీ పట్టుకుంటుంది, నిర్దిష్టత 99.5 శాతమని అనుకుందాం. వినడానికి అది చాలా గొప్ప అంకె. కాని మిగిలిన 9,990 మందిలో అర శాతమంటే దాదాపు 50 మంది. మొత్తం రియాక్టివ్ వచ్చిన 60 మందిలో జబ్బున్నవారు 10 మందే, అంటే ఆరుగురిలో ఒక్కరు. ఇదే కిట్‌ను, పదివేలమందిలో వెయ్యిమందికి జబ్బున్న మరో సమూహంలో వాడితే తప్పుడు ఫలితాలు 45, నిజమైనవి 1,000. అక్కడ రియాక్టివ్ వచ్చిన నూరుమందిలో తొంభై అయిదుగురికి పైగా నిజంగా జబ్బున్నవారే. కిట్ మారలేదు, గీత మారలేదు, పరీక్షించిన జనం మారారు. రక్తదాతలు ప్రశ్నల జల్లెడలోంచి వచ్చిన ఆరోగ్యవంతులు కాబట్టే, వారిలో రియాక్టివ్ అన్న ఫలితానికి నిర్ధారణ అవసరం మరీ ఎక్కువ. దేశంలో వయోజనుల్లో హెచ్.ఐ.వి. ఉన్నవారు దాదాపు 0.2 శాతం, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇది దేశ సగటు కన్నా ఎక్కువే అయినా ఒక శాతానికి లోపే.

అదే 60 మందిని మరో రకంగా తయారైన రెండో పరీక్షకు పెడితే, తప్పుగా పట్టుబడ్డ 50 మందిలో దాదాపు అందరూ బయటపడతారు. ఇక్కడ ‘మరో రకంగా’ అన్న మాట ముఖ్యం. అదే కిట్‌తో పదిసార్లు చేసినా అదే పొరపాటు పదిసార్లు తిరిగిరావచ్చు. వేరే మాంసకృత్తులతో, వేరే సూత్రం మీద పనిచేసే పరీక్షయితేనే మొదటిదాని పొరపాటును పట్టుకోగలదు. హెచ్.ఐ.వి. విషయంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నిర్దేశించిన పద్ధతి ఈ తర్కం మీదే నిలబడింది. సంచిని పారవేయడానికి ఒక్క పరీక్ష చాలు, మనిషికి హెచ్.ఐ.వి. ఉన్నదని చెప్పడానికి మాత్రం ఐ.సి.టి.సి. అని పిలిచే సమగ్ర సలహా, పరీక్షా కేంద్రంలో కొత్తగా తీసిన రక్తంతో మూడు వేరువేరు పరీక్షలు జరగాలి, మూడూ ఏకమాట మీద ఉండాలి. ఒకటి ఔనని ఒకటి కాదంటే ఫలితాన్ని తేలనిదిగా రాసి, రెండు నుంచి నాలుగు వారాల తరువాత మళ్లీ రమ్మంటారు. అప్పటికీ తేలకపోతే నమూనా పై ప్రయోగశాలకు వెళుతుంది. బెంగళూరులో విక్టోరియా, బౌరింగ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ సేవ ఉచితం. జాతీయ స్థాయి హెచ్.ఐ.వి. ప్రయోగశాలల్లో ఒకటి నిమ్హాన్స్‌లోనే ఉన్నది, హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో మరొకటి.

హెపటైటిస్ బి, సి లకు కూడా నిర్ధారణ దారి ఉన్నదని ప్రజలకు అంతగా తెలియదు, కాని నిజానికి భారతీయ రక్తదాతల్లో ఎక్కువగా బయటపడేది హెపటైటిస్ బి. బరూచ్ బ్లంబర్గ్ 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి సీరమ్‌లో గుర్తించి ‘ఆస్ట్రేలియా యాంటీజెన్’ అని పిలిచినది ఈ వైరస్ పైపొర మాంసకృత్తే. ఆ కృషికి ఆయనకు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది, రక్తనిధుల్లో ఈనాడు వెదికేది కూడా దాన్నే. ఇందులో నిర్ధారణకు, ఆ యాంటీజెన్‌ను ప్రత్యేకంగా అడ్డగించే ద్రవం కలిపి రంగు మాయమవుతున్నదా అని చూస్తారు, లేదా రక్తంలో వైరస్ డి.ఎన్.ఎ.ను కొలుస్తారు. హెపటైటిస్ సి కథ మరోలా ఉంటుంది. రక్తం ఎక్కించుకున్నవారికి వచ్చే ఒక రకం కామెర్లు ‘ఏ’ కాదు, ‘బి’ కాదు అని తేల్చినవాడు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ రక్తనిధిలో పనిచేసిన హార్వే ఆల్టర్. 1989లో మైకేల్ హౌటన్ బృందం ఆ వైరస్‌ను పట్టుకున్నది, 2020 నోబెల్ ఆల్టర్, హౌటన్, చార్లెస్ రైస్‌లకు దక్కింది. ఈ జబ్బుకు రక్త కేంద్రంలో వెదికేది ప్రతిరక్షకాలను. అవి ఒకప్పుడు వైరస్ వచ్చిపోయిన గుర్తులు మాత్రమే కావచ్చు, ఎందుకంటే సోకినవారిలో సుమారు ముప్ఫై శాతం మంది ఆరునెలల్లో మందు లేకుండానే వైరస్‌ను వదిలించుకుంటారు. వైరస్ ఇప్పటికీ ఉన్నదా అన్నది ఆర్.ఎన్.ఎ. పరీక్షతోనే తెలుస్తుంది. ఉన్నా భయపడి కుంగిపోవలసినది కాదు: సుమారు పన్నెండు వారాలు మాత్రలు మింగితే నూటికి తొంభై అయిదుగురికి నయమవుతుంది, 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్ బి పూర్తిగా పోవడం కష్టమైనా మందులతో అదుపులో ఉంటుంది, ఇంట్లోవారికి టీకా ఉన్నది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయంగా తయారుచేసి తక్కువ ధరకు అందించిన హెపటైటిస్ బి టీకా ఇదే జబ్బు మీద తెలుగునేల నుంచి వెళ్లిన ఆయుధం. దాతకు నిజం చెప్పడం వల్ల అతడొక్కడే కాక అతని భార్యాబిడ్డలూ కాలేయ క్యాన్సర్ ముప్పును తప్పించుకోగలరంటే, ఆ ఒక్క ఫోనుకాలుకు ఎంత విలువ ఉన్నదో ఊహించవచ్చు.

విండో పీరియడ్ సమస్యకు శాస్త్రజ్ఞులు కనుగొన్న జవాబు ‘నాట్’, అంటే వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా వెదికే పరీక్ష. రక్తంలో వైరస్ తాలూకు ఆర్.ఎన్.ఎ. లేదా డి.ఎన్.ఎ. ముక్క కొద్దిపాటిగా ఉన్నా దాన్ని కోట్ల ప్రతులుగా పెంచి గుర్తిస్తుంది కాబట్టి, శరీరం స్పందించేదాకా ఆగనక్కరలేదు. హెచ్.ఐ.వి. వ్యవధి దీనితో పది రోజులకు, హెపటైటిస్ సి వ్యవధి రెండు నెలల నుంచి దాదాపు ఒక వారానికి, హెపటైటిస్ బి వ్యవధి మూడు వారాల దరిదాపులకు తగ్గుతాయి. ఖర్చు తగ్గించడానికి కొన్నిచోట్ల ఆరుగురి లేదా ఎనిమిదిమంది నమూనాలను కలిపి ఒకేసారి పరీక్షించి, తేడా కనిపిస్తేనే విడివిడిగా చూస్తారు. కలపడంలో వైరస్ పలచబడుతుంది కనుక ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించడమే మేలైన పద్ధతి. ఈ దేశంలో నాట్ ఇంకా చట్టరీత్యా తప్పనిసరి కాలేదు. ఒక పెద్ద నగరంలో స్తోమత ఉన్న ఆసుపత్రి రోగికి నాట్ చేసిన రక్తం, పక్క జిల్లా ఆసుపత్రి రోగికి ఎలైసా మాత్రమే చేసిన రక్తం దొరకడం న్యాయం కాదు. కొన్ని జిల్లాలకు కలిపి ఒకచోట నాట్ ప్రయోగశాల పెట్టి నమూనాలను అక్కడికి పంపే ఏర్పాటు అసాధ్యమైనది కాదు, కొన్ని దేశాలు తమ రక్తమంతటినీ అలాగే పరీక్షిస్తున్నాయి.

ఈ మిగిలిన కొద్దిపాటి ప్రమాదం ఎవరిమీద పడుతుందో తలచుకుంటే దాని బరువు తెలుస్తుంది. కాలు విరిగి ఒక్కసారి రక్తం ఎక్కించుకున్నవారికి అది లెక్కలోకి రానంత చిన్నది. తలసీమియాతో పుట్టిన బిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డకు రెండు మూడు వారాలకొకసారి రక్తం కావాలి; మూడు వారాలకొకసారి అనుకున్నా ఏడాదికి పదిహేడు పద్దెనిమిది సార్లు, పదేళ్లలో నూటడెబ్బై మందికి పైగా దాతల రక్తం ఆ చిన్న ఒంట్లో ప్రవహిస్తుంది. బెంగళూరులో సంకల్ప్ ఇండియా ఫౌండేషన్ వంటి సంస్థలు ఇటువంటి పిల్లల కోసమే పనిచేస్తున్నాయి. ఒక్కో సంచిలో ఎంత చిన్నదైనా సరే, ప్రమాదం వారి విషయంలో నూటడెబ్బై సార్లు ఎదురవుతుంది. 2016లో సమాచార హక్కు చట్టం కింద జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఇచ్చిన జవాబు ప్రకారం సుమారు ఏడాదిన్నర కాలంలో 2,234 మంది తమకు రక్తమార్పిడి వల్లే హెచ్.ఐ.వి. సోకిందని పరీక్షా కేంద్రాల్లో చెప్పారు. అది వారు స్వయంగా చెప్పుకున్న కారణమే తప్ప ప్రతి కేసులోనూ రుజువైనది కాదు, అయినా ఆ సంఖ్యను తేలికగా తీసుకోకూడదు. ధనిక దేశాలూ ఇందుకు మినహాయింపు కాదు. బ్రిటన్‌లో 1970ల నుంచి 1990ల తొలినాళ్ల వరకు కలుషిత రక్తం, రక్త ఉత్పత్తుల వల్ల ముప్ఫైవేలమందికి పైగా హెచ్.ఐ.వి. లేదా హెపటైటిస్ సి బారిన పడ్డారని, జరిగినదాన్ని అధికారులు దాచిపెట్టారని విచారణ సంఘం 2024 మే 20న ప్రకటించింది.

ఇక మళ్లీ దాత దగ్గరకు. ఒకప్పుడు అనేకచోట్ల రియాక్టివ్ సంచిని ఆవిరి యంత్రంలో ఉడికించి పారవేసి ఊరుకునేవారు, దాతకు కబురుండేది కాదు. అతడు మూడు నెలలకు మరో శిబిరంలో మళ్లీ రక్తమిచ్చేవాడు. 2002 విధానం ఫలితం తెలుసుకోగోరే దాతలకు సలహా అందించాలని చెప్పింది, 2017 నాటి జాతీయ రక్తమార్పిడి మండలి మార్గదర్శకాలు దాతను పిలిపించి నిర్ధారణకు పంపే బాధ్యతను స్పష్టం చేశాయి. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ఈ విషయంలో ఎంత సున్నితంగా ఆలోచించిందో గమనించదగినది. మామూలుగా ఎవరికైనా హెచ్.ఐ.వి. పరీక్ష చేయాలంటే వారి సమ్మతి తప్పనిసరి. లైసెన్సున్న రక్తనిధిలో చేసే వడపోతకు మాత్రం ప్రత్యేక సమ్మతి అక్కరలేదని చట్టం మినహాయించింది. అదే చట్టం, ఫలితం కావాలని ముందే కోరిన దాతను సలహా కేంద్రానికి పంపాలని, అక్కడ పరీక్షానంతర సలహా పొందిన తరువాతే ఫలితం ఇవ్వాలని కూడా నిర్దేశించింది. అంటే సంచి పరీక్షకూ మనిషి పరీక్షకూ మధ్యనున్న తేడాను శాసనకర్తలే గీత గీసి చూపించారు.

బెంగళూరులో ఈ గీతను దాటించే పని ఫోను మీద మొదలవుతుంది, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఈ నగరంలో రక్తమిచ్చేవారిలో మారతహళ్లి, కె.ఆర్.పురం హాస్టళ్లలో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్నారు, హిందూపురం, మదనపల్లె, కర్నూలు వైపు నుంచి కట్టడాల పనికి వచ్చినవారున్నారు, బంధువు ఆపరేషన్ కోసం ఒక్కరోజుకు వచ్చి రక్తమిచ్చి రాత్రి బస్సుకు వెళ్లిపోయినవారున్నారు. ఉద్యోగం మారితే నంబరు మారుతుంది, అద్దె ఇల్లు మారితే చిరునామా మారుతుంది, కొన్నిసార్లు కాగితం మీద ఉన్నది శిబిరం ఏర్పాటు చేసిన నిర్వాహకుడి నంబరే. ఫోను ఎత్తింది దాత కాకపోతే సలహాదారు ఏమీ చెప్పకూడదు. ఎత్తింది దాతే అయినా జబ్బు పేరు ఎత్తకూడదు, ఉత్తరంలో రాయకూడదు, “మీ నమూనాను మరోసారి చూడవలసి ఉందండీ, వీలు చూసుకుని ఒకసారి కేంద్రానికి రండి” అన్నంతవరకే చెప్పగలరు. ఆ మాట కన్నడంలోనో ఇంగ్లీషులోనో వినబడితే, సగం అర్థమై సగం కాక, మోసపు ఫోనేమోనని పెట్టేసేవారూ ఉంటారు. తెలుగు తెలిసిన సలహాదారు ఒకరుండడం ఈ నగరంలో వైద్య అవసరమే తప్ప సౌకర్యం కాదు. బెంగళూరుకు రాలేనివారు నిర్ధారణ పరీక్షను అనంతపురంలోనో చిత్తూరులోనో తమ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకోవచ్చు. జాతీయ సహాయ నంబరు 1097కు ఫోను చేసి అడగవచ్చు.

తరచు రక్తమిచ్చే దాత ఒకసారి రియాక్టివ్‌గా తేలి నిర్ధారణలోనూ జబ్బు రుజువైతే, అతని గత దానాల సంచులు ఎవరికి ఎక్కాయో వెనక్కి వెళ్లి వెదకవలసి ఉంటుంది. నిర్ధారణలో జబ్బు లేదని తేలిన దాతకైతే ఆ మాటను అంతే స్పష్టంగా, రాతపూర్వకంగా చెప్పవలసి ఉంటుంది. ఈ రెండో పని మీద శ్రద్ధ తక్కువ. ఆరుగురిలో అయిదుగురు ఆరోగ్యవంతులే కావచ్చునన్న లెక్కను గుర్తుంచుకుంటే, ‘మీకేమీ లేదు’ అన్న కబురు కోసం నెలల తరబడి నిద్ర లేకుండా ఎదురుచూసినవారు, భయంతో నిర్ధారణకే వెళ్లక లేని జబ్బును మోస్తున్నవారు ఎంతమంది ఉండగలరో అర్థమవుతుంది.

దాత నింపే పత్రంలో చివరికి దగ్గరగా ఒక చిన్న ప్రశ్న ఉంటుంది: పరీక్షల్లో ఏదైనా తేడా కనిపిస్తే మీరిచ్చిన చిరునామాకు తెలియజేయాలని కోరుతున్నారా? ఎదురుగా ‘అవును’, ‘కాదు’ అని రెండు గళ్లు. హిమోగ్లోబిన్ కోసం వేలిమీద సూది గుచ్చే మనిషి పిలుస్తుండగా, వెనుక వరస కదులుతుండగా, చాలామంది ఆ ప్రశ్న చదవకుండానే సంతకం దాకా వెళ్లిపోతారు. శిబిరం నిర్వాహకులు మరో అర నిమిషం ఆపి, ఆ ప్రశ్నను దాత భాషలో చదివి వినిపించి, స్నేహితుడిదో మేనేజరుదో కాక దాత సొంత ఫోను నంబరును, సొంతూరి చిరునామాను ఆ గడిలో రాయించగలిగితే, వారం తరువాత ఆ సంచి సంఖ్యను చేతిలో పెట్టుకుని ఫోను దగ్గర కూర్చున్న సలహాదారుకు అవతలి గొంతు దొరుకుతుంది.